చక్రముల మీది ఇల్లు

మన పెద్దలు తిరునాళ్లకు పోవునప్పుడు గూడుబండి కట్టించి, అందు బియ్యపుమూట, చింతపండు, ఊరగాయజాడీ, రెండు ఇత్తడిగిన్నెలు, నాలుగు చాపలు వేసికొని బయలుదేరుచుండిరి. చెట్టునీడ, నూతినీరు దొరికినచోట ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి వండుకొని, పిల్లలను బండిలో పరుండబెట్టి, మఱునాడు తెల్లవారకముందే సాగిపోవుచుండిరి. ఇంటిని వెంటబెట్టుకొని ప్రయాణము చేయుట మనకు క్రొత్త కాదు. అమెరికాదేశమున ఆ గూడుబండికి ఎద్దులు పోయి ఇంజను వచ్చినది. దానినే అచ్చటివారు మోటారుహోము అందురు. మేము మోటారు ఇల్లు అని వ్యవహరింతుము.

మేము డల్లాసు నగరమునకు సమీపమున కాపురముండి పదునాఱేండ్లైనది. 2023వ సంవత్సరమున మేము అద్దెకు తిరిగిన మోటారు ఇంటి నొకదానిని కొంటిమి. కొనుటకు ముందు ఒక పెద్ద నష్టము మా గుమ్మముదాక వచ్చి తప్పిపోయినది. ఆ సంగతి చెప్పినయెడల పరదేశమున కాపురము చేయు మన సోదరీమణులకును, అచ్చట బిడ్డలున్న తల్లులకును ఉపయోగపడు నని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మోటారు ఇల్లనగా నేమి?

ఇది నిన్న మొన్న పుట్టిన వస్తువు కాదు. 1910లో పియర్స్ ఆరో అను కంపెనీవారు ధనికులకొఱకు ఒక కారును చేసిరి. దాని వెనుక సీటు పఱుపుగా మాఱును. డ్రైవరు వీపువెనుకనుండి చేతులు కడుగుకొను తొట్టి క్రిందికి దిగును. 1966లో అయోవా రాష్ట్రమందలి ఫారెస్టు సిటీ అను చిన్న యూర విన్నెబాగో కంపెనీవారు ఇట్టి బండ్లను వరుసగా తయారుచేయ నారంభించిన పిదప ఇవి సామాన్య కుటుంబములకు గూడ అందుబాటులోనికి వచ్చినవి.

వీనిలో ఏ, బి, సి యని మూడు తరగతులు గలవు. బస్సువలె ముందు చదునుగా నుండునది ఏ తరగతి. వ్యానులోనే అన్నియు ఇమిడ్చినది బి తరగతి. ముందు లారీ ముఖమును, వెనుక పెట్టెవంటి ఇల్లును, డ్రైవరు తలమీద అటకవంటి పడకయు గలది సి తరగతి. అద్దెకు త్రిప్పెడి బండ్లలో ఎక్కువభాగ మీ మూడవ రకమే. ఇరువదియైదు అడుగుల బండిలో ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు పరుండవచ్చును. పొయ్యి, ఫ్రిజ్జు, చిన్న స్నానపుగది, మరుగుదొడ్డి, బల్ల, వేడినీళ్ల తొట్టి, చలిగాలి యంత్రము అన్నియు నుండును. పెక్కు రాష్ట్రములలో ఇరువదియాఱువేల పౌనులకు లోబడిన ఇట్టి బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చును.

అద్దె బండ్ల వ్యాపారము అచ్చట పెద్దది. ఎల్ మాంటే కంపెనీ 1970 నుండియు, క్రూయిజ్ అమెరికా కంపెనీ 1972 నుండియు ఈ పని చేయుచున్నవి. ఇట్టివారు బండ్లను కొన్నియేండ్లు అద్దెకు త్రిప్పి, పిమ్మట అమ్మివేసి క్రొత్తవి తెచ్చుకొందురు. పాతవానిని కొన్నవారికి క్రొత్తదాని ధరలో సగమో, అంతకంటె తక్కువయో అగును. మా వంటివారి కన్ను దానిమీద పడుట సహజమే గదా!

మేమేల కొనదలచితిమి?

మా అత్తగారు రాజమహేంద్రవరమున నుందురు. డెబ్బదినాలుగేండ్లవారు. చక్కెరవ్యాధి గలదు, మోకాళ్లు సహకరింపవు. గంటకొకమారు దొడ్డికి పోవలయును. దారిలోని హోటళ్లలో వారు తినదగినది తఱచు దొరకదు. మామగారు బ్రదికియుండగా 2020లో ఇద్దఱిని రప్పించి, గ్రాండు కాన్యన్ అను మహాలోయను చూపింతుమని మా వారు మాట యిచ్చిరి. ఆ యేడు కరోనా వచ్చినది. "వచ్చే యేడు చూతములెండి" అనుకొంటిమి. 2021లో మామగారు గతించిరి. ఆ లోయ బొమ్మగల క్యాలెండరు కాగితము వారి పెట్టెలో మడతపెట్టి యుండుట కర్మకాండ ముగిసిన పిదప మా వారు చూచిరి. నాటినుండి వారికి మనశ్శాంతి లేదు.

అత్తగారు 2023 మార్చిలో ఆఱునెలల గడువుతో వచ్చిరి. ఈ మాఱు ఆలస్యము కారాదని మా వారి పట్టుదల. మాయొద్దనున్న సొమ్ము మా పెద్దపిల్ల కాలేజిచదువునకై కూడబెట్టినది. అందులోనుండి కొంత తీసి బండి కొని, మూడేండ్లు వాడుకొని, పిల్ల కాలేజిలో చేరులోపల మరల అమ్మి ఆ సొమ్ము ఆ ఖాతాలోనే వేయవలయునని యేర్పాటు. కొన్న వస్తువు మంచిదైనయెడల ఈ లెక్క సరిపోవును. చెడ్డదైనయెడల పిల్ల చదువే గండి పడును. సోదరీమణులారా, తొందరయు పరుల సొమ్మువంటి సొమ్మును ఒకచోట చేరినప్పుడే ఎక్కువ జాగ్రత్త కావలయునని మాకప్పు డంతగా తోచలేదు.

మొదటి బండి

మొదట మేము చూచిన బండి బాగుగా కడిగి, తుడిచి, పరిమళము చల్లి యుండెను. దుప్పట్లు తెల్లగా నుండెను. ఇంజను ఒక్క త్రిప్పునకే పలికెను. మా వారు క్రింద పరుండి చక్రములను, గొట్టములను చూచి సంతసించిరి. అమ్మువాడు, "సాయంకాల మింకొకరు వచ్చుచున్నారు, వేయి డాలర్లు బయానా యిచ్చినయెడల మీకే నిలిపెదను, ఆ బయానా మాత్రము తిరిగి యీయబడదు" అనెను. మా వారు చెక్కుపుస్తకము తీసిరి.

అత్తగారు బండిలో బల్లయొద్ద కూర్చుండి యుండిరి. "అమ్మాయీ, ఇచ్చట చెమ్మవాసన కొట్టుచున్నది" అనిరి. మేము ఆ పరిమళమే గాని మఱేమియు గుర్తింపలేదు. "గోదావరి యొడ్డున పుట్టి పెరిగినదానను. వరద తీసిన యింటి వాసన నాకు తెలియదా? ఆ అటకమీద చూడుము" అనిరి. మేము నిచ్చెన యెక్కి, పడకమీది పఱుపు నెత్తి, మూలను బొటనవ్రేలితో నొక్కితిమి. గోడ అరిసెపిండివలె లోపలికి పోయెను. పైన అంటించిన క్రొత్త కాగితము క్రింద నల్లని బూజు కానవచ్చెను.

మా వారు, "అది చిన్న మరమ్మతు, చేయింతము" అనిరి. వారి కన్నులయందు బండి లేదు, తండ్రిగారి క్యాలెండరు కాగితమున్నది. అప్పుడు అత్తగారు, "నాయనా, మీ నాన్నగారు తొందరపడమని యెన్నడైన చెప్పిరా? ఒక్క పూట ఆగుము. ఆ లోయ యెక్కడికిని పోదు" అనిరి. మేము అమ్మువానిని, "ఇట్టి బండ్లను పరీక్షించు నిపుణుని మా ఖర్చుమీద పిలిపింతుము, రెండు దినములు గడువిత్తురా?" అని యడిగితిమి. అతడు అందుకు ఒప్పుకొనలేదు. ఆ నిరాకరణమే మాకు కావలసిన సమాధానము. బయానా యీయక తిరిగి వచ్చితిమి. ఆ రాత్రి మా వారు అన్నము సరిగా తినలేదు; మాతో రెండు దినములు ముభావముగా నుండిరి.

తరువాత మేము కుదుర్చుకొన్న నిపుణునికి ఈ సంగతి చెప్పగా, అటకలోని కఱ్ఱ అట్లు మెత్తబడినదనగా ముందుగోడయంతయు విప్పి తిరిగి కట్టవలసియుండునని, పదివేల డాలర్లకు తక్కువ కాదని చెప్పెను. మా వారు అప్పుడు తల్లిగారివైపు చూచి చిఱునవ్వు నవ్విరి.

అద్దెబండి గుణదోషములు

అద్దెకు తిరిగినదని వినగానే మనవారు పెదవి విఱుతురు. అది పూర్తిగ న్యాయము కాదు. సొంతదారుల బండ్లు తఱచు ఏడాదికి పది దినములు తిరిగి తక్కిన దినములు ఎండకు వానకు నిలిచియుండును. నిలిచిన బండి తిరిగిన బండికంటె త్వరగా చెడును. టైర్లు పగులును, బ్యాటరీలు చచ్చును, ఎలుకలు తీగలు కొఱుకును. అద్దెబండి ఎడతెగక తిరుగుచుండును. నూనె మార్చిన తేదీ, బ్రేకులు వేసిన తేదీ కంపెనీ పుస్తకమున నుండును. పలువురి చేతులలో పడునని తెలిసి దానిని సాదాగా కట్టింతురు. గోడ బయటికి జరిగి గది వెడల్పగు ఏర్పాట్లు తఱచు వానిలో నుండవు, తివాచీలుండవు, మెత్తలు తుడుచుకొనుటకు వీలైన గట్టి గుడ్డతో నుండును. లేని వస్తువు చెడదు గదా!

దోషములును గలవు. నడిపినవారిలో పెక్కుమంది అట్టి బండిని మొదటిసారి పట్టినవారు. అరుగులకు చక్రము లెక్కించినవారు, చెట్టుకొమ్మలకు పైకప్పు రాచినవారు ఎందఱో! మైళ్లు లక్షకు మించియుండును. ప్రక్కగోడలమీది కంపెనీ బొమ్మలను ఒలిచినను వాని నీడ ఎండలో కనబడుచునే యుండును. ఇది అందమునకు లోటే గాని ఆరోగ్యమునకు కాదు. నీరు దిగిన గోడ మాత్రము రోగము.

ఇల్లాలు పరీక్షింపవలసినవి

పాడియావును కొనువారు పండ్లు చూతురు, పొదుగు చూతురు, ఒకపూట పాలు పిండి చూతురు. మోటారు ఇల్లు సగము బండి, సగము ఇల్లు. మగవారు బండిని చూచి తృప్తిపడుదురు. ఇంటిభాగమును చూచుట మన వంతు. అందు ముఖ్యమైనవి వివరింతుము.

నీరు దిగుట: ఇదియే మొదటి శత్రువు. అటక మూలలు, కిటికీల క్రింద, కప్పుమీది గాలితూముల చుట్టు, స్నానపుగది నేల, అలమారుల లోపలి వెనుకగోడ, వీనిని చేతితో నొక్కి చూడుడు. మరకలు, బుడగలు, క్రొత్త కాగితపు అతుకులు అనుమానింపుడు. వెలుపలి గోడపై చెయ్యి పెట్టి రాయగా ఉబ్బు తగిలినయెడల లోపలి జిగురు విడినదని తెలియవలెను. కప్పుమీదికి ఒకరు ఎక్కి, తూముల చుట్టు పూసిన జిగురు పగిలినదేమో చూడవలెను. సువాసనలు చల్లిన బండిని కిటికీలు మూసి పావుగంట ఉంచి మరల వాసన చూడుడు.

నీళ్ల పంపు: తొట్టి నింపించి పంపు వేయుడు. కుళాయిలన్నియు కట్టివేసిన పిదప పంపు చప్పుడు ఆగిపోవలెను. ఎవరును నీరు వాడకుండగనే అది మాటిమాటికి కొట్టుకొన్నయెడల ఎక్కడనో కారుచున్నదన్నమాట. దీపము పట్టుకొని తొట్టిక్రింద, దొడ్డివెనుక చూడుడు.

ఫ్రిజ్జు: మన యిళ్లలోని ఫ్రిజ్జువలె కాక, ఇట్టి బండ్లలోనిది తఱచు వేడితో చల్లబఱచునది. ఈ పద్ధతిని 1922లో స్వీడనుదేశపు విద్యార్థులు ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ అనువారు కనిపెట్టిరి. అది గ్యాసుమీదను కరెంటుమీదను పనిచేయును గాని, చల్లబడుటకు గంటలకొలది పట్టును. బండి సమతలమున నిలువవలెను. కావున ముందునాటి సాయంకాలమే వేసియుంచుడని అడిగి, మఱునాడు లోపల చెయ్యిపెట్టి చూడుడు. వెనుక తలుపు తెఱచినప్పుడు నవాసారపు ఘాటైనను, పసుపుపచ్చని పొడియైనను కనబడినచో దాని ఆయువు తీఱినదనుకొనుడు. అత్తగారి యిన్సులిను మందు దీనిలోనే యుండవలసి యుండుటచే మేము దీనిని మఱింత శ్రద్ధగా చూచితిమి.

గ్యాసు: బండిలోని ప్రొపేను మన వంటగ్యాసు జాతిదే. గాలికంటె బరువు, కారినయెడల నేలమీద పఱచుకొనును. అందుచేత దానిని పసిగట్టు యంత్రమును నేలకు దగ్గఱగా బిగింతురు. ఆ యంత్రములకు ఆయువు గలదు. వెనుకనున్న తేదీ చూచి, కాలము మించినదానిని మార్పింపుడు. గొట్టములయందు ఒత్తిడి నిలుచుచున్నదో లేదో నిపుణునిచే కొలిపింపుడు. ఇంజను, జనరేటరుల పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. దాని యంత్రము పలుకనియెడల ఆ బండిలో బిడ్డలను పరుండబెట్టరాదు.

మురికితొట్లు: స్నానము, పాత్రలు కడిగిన నీటికొకటి, దొడ్డికొకటి వేఱువేఱుగా నుండును. రెంటి పలకలును సాఫీగా తెఱచుకొని గట్టిగా మూసికొనవలెను. ఎంత నిండినదో చూపు దీపములు తఱచు అబద్ధము చెప్పును. దానికై బేరము మానుకొననక్కఱలేదు. ఈ పరీక్ష సిగ్గుపడి విడుచువారు తరువాత ముక్కు మూసికొని విచారింతురు.

కరెంటు: ఇట్టి బండ్లను విడిదులలో 30 ఆంపియర్ల తీగకు తగిలింతురు. అచ్చటి కరెంటు 120 వోల్టులు గనుక మొత్తము 3,600 వాట్లకు మించి వాడరాదు. చలిగాలి యంత్రము, మైక్రోవేవు, నీళ్లు కాచునది మూడును ఒక్కమాఱు వేసినచో మీట పడిపోవును. మన దేశమునుండి తీసికొనిపోయిన 230 వోల్టుల మిక్సీ అచ్చట పనికిరాదు. విడిది లేనిచోట జనరేటరు ఆధారము. దాని గంటల లెక్క చూచి, పైన చలిగాలి యంత్రము వేసి అరగంట నడిపించుడు. కొంచెము సేపు నడిచి దగ్గి ఆగిపోవు జనరేటర్లు పెక్కు గలవు.

బరువు: తలుపుదగ్గఱ అంటించిన కాగితమున ఎంత సామాను వేయవచ్చునో వ్రాసియుండును. గాలను నీరు ఎనిమిది పౌనులకు పైబడును. నలువది గాలనుల తొట్టి నిండిన 330 పౌనులు. దానిపై బియ్యము, రుబ్బురాయి, పుస్తకములు, మనుష్యులు! ఆ సంఖ్యకు మించిన టైర్లు పేలును.

ఇక బండి భాగమున ముఖ్యమైనది టైరు. దాని ప్రక్కన నాలుగంకెల గుఱుతుండును. 1521 అని యున్నచో 2021వ సంవత్సరపు 15వ వారమున తయారైనదని అర్థము. గాట్లు లోతుగా నున్నను, ఆఱేడేండ్లు దాటిన టైరును నమ్మరాదు. బండి యొక్క పదునేడక్షరముల సంఖ్యను ప్రభుత్వపు రహదారి భద్రతాశాఖవారి పట్టికతో పోల్చి చూచినయెడల, తయారీలోపమునకై వెనుకకు పిలువబడినదో లేదో ఉచితముగా తెలియును. మేము కొన్న 2016 నాటి బండిలో పది సిలిండర్ల ఫోర్డు ఇంజను గలదు. గాలనుకు తొమ్మిది మైళ్లు మాత్రమే పోవును గాని, చిన్న యూళ్ల మెకానిక్కులకు గూడ పరిచయమైనది. మారుమూల నిలిచిపోయినప్పుడు ఇది చిన్న లాభము కాదు.

రెండవ బండి, అసలు లెక్క

మూడు వారముల పిదప మఱొకచోట ఈ బండి కుదిరినది. లక్షా పదునెనిమిదివేల మైళ్లు తిరిగినది. అమ్మువారు పరీక్షకు అభ్యంతరము చెప్పలేదు. మరమ్మతుల పుస్తకము ముందుంచిరి. నిపుణుడు ఆఱుగంటలు చూచి, కప్పుమీది జిగురు, ముందుటైర్లు రెండు, ఇంటి బ్యాటరీలు, గ్యాసు యంత్రము మార్పింపవలెనని వ్రాసియిచ్చెను. ఆ కాగితము చూపగా 33,900 డాలర్లు చెప్పినవారు 31,500కు దిగిరి. నిపుణుని కిచ్చిన 650 డాలర్లు అంతకు మూడింతలై తిరిగి వచ్చెను.

కాని ధరతో ఖర్చు ముగియదు. టెక్సాసులో వాహనపుపన్ను నూటికి 6.25 వంతున 1,969 డాలర్లు. జిగురు 380, టైర్లు 400, బ్యాటరీలు 320, యంత్రము 140. నిపుణుని రుసుముతో గలిపి 3,859. కావున ఇంటికి వచ్చుసరికి బండి 35,359 డాలర్లైనది. మా వీధి సంఘమువారు ఇంటిముందు నిలుపనీయరు. వేఱొకచోట నిలుపుటకు నెలకు నూఱు డాలర్లు. భీమా ఏటికి 900. మరమ్మతులకు 1,500 వేఱుగా పెట్టితిమి. విలువ తగ్గుట ఏటికి 4,000 అనుకొంటిమి. వెరసి ఏటికి 7,600. అట్టి బండిని అద్దెకు తీసికొన్న రాత్రికి 250 డాలర్ల వంతున పడునని మాకు చెప్పిరి. అనగా ఏటికి ముప్పది రాత్రులకు పైగా వాడినవారికే కొనుట లాభము. అంతకు తక్కువైనచో అద్దెయే మేలు. మా మఱదిగారి కుటుంబముతో ఖర్చులు పంచుకొనుటచే మాకు సరిపోయినది. ఒంటరిగా నున్నచో కొనియుండము. అత్తగారు ఒక్కరికి లోయ చూపుటయే పనియైనచో అద్దెకే తీసికొనియుందుము. వేసవి రద్దీ ముగిసిన పిదప కొన్నవారికి బేరమున మఱికొంత వీలుండునందురు. మాకు ఆగుటకు కాలము లేదు.

ప్రయాణము

జూను నెలలో బయలుదేరితిమి. అమరిల్లో, ఆల్బుకర్కీ, ఫ్లాగుస్టాఫు మీదుగా పోయి వచ్చుటకు రెండువేల మైళ్లు పైచిలుకు. బండి పన్నెండడుగుల యెత్తు గనుక పెట్రోలు బంకుల పందిళ్లు, క్రింది వంతెనలు వచ్చినప్పుడెల్ల అద్దము క్రింద అంటించిన కాగితమును చదువుచుండెడివారము. బండి నడచునప్పుడు పడకమీద పరుండెదనని అత్తగారు. పట్టీ కట్టుకొని కూర్చుండవలసినదే యని మేము. ఈ ఒక్క విషయమున మేము వారి మాట వినలేదు. పొయ్యి వెలిగించుట బండి ఆగిన పిదపనే.

రెండవరాత్రి అందఱును పరుండినపుడు పంపు తనంతట తాను టకటక కొట్టుకొనెను. మా గుండెలు జాఱినవి. నిపుణుడు చెప్పినది జ్ఞాపకము తెచ్చుకొని దీపముతో వెదకగా, తొట్టిక్రింద ఒక బిరడా వదులైనది. చేతితో బిగింపగా చప్పుడాగెను. ఆ చప్పుడు దేనికి గుఱుతో తెలియకున్నచో తెల్లవారుసరికి నేలయంతయు నానియుండెడిది.

నాల్గవనాటి ఉదయమున మహాలోయ దక్షిణపు టంచున, ఏడువేల అడుగుల యెత్తున, అత్తగారు తాము దింపిన డికాక్షనుతో కాఫీ త్రాగి, చలికి శాలువ కప్పుకొని వచ్చి అంచుగోడయొద్ద నిలిచిరి. సూర్యుడెక్కినకొలది లోయలోని యెఱుపు పొరపొరగా బయటపడెను. మా వారు జేబులోనుండి ఆ క్యాలెండరు కాగితము తీసి తల్లిగారి చేతిలో పెట్టిరి. అత్తగారు దానిని చూచి, లోయను చూచి, "బొమ్మలో ఇంత లోతు లేదురా" అనిరి. కొంతసేపటికి, "కాళ్లు నొచ్చుచున్నవి, బండిలోనికి పోదము" అనిరి. బండి ఇరువది బారల దూరమున నున్నది. దొడ్డికై వెదకులాట లేదు, తిండికై విచారము లేదు. కొన్నందులకు ఆ యొక్క ఉదయమే మాకు చాలు ననిపించినది.

అత్తగారు ఆగస్టులో రాజమహేంద్రవరమునకు తిరిగి వెళ్లిరి. పోవునప్పుడు బండిని చూచి, "కప్పుమీది జిగురు ఏటేట చూచుకొనుడు" అని చెప్పి మఱి వెళ్లిరి. మేమును ప్రతి వసంతమునను ఆ పని చేయుచున్నాము.

సోదరీమణులారా! ఏ వస్తువు కొనునప్పుడైనను, ముఖ్యముగా ఇల్లువంటి వస్తువు కొనునప్పుడు, మొగమాటపడి వెనుక నిలువకుడు. అలమార తెఱువుడు, మూల నొక్కుడు, వాసన చూడుడు, ప్రశ్న అడుగుడు. నిపుణుని రానీయని యమ్మకపువానిని విడిచి రండు. నేడే తేల్చుమన్నవానికి రేపు చెప్పెదమనుడు. పెద్దవారి ముక్కును, చేతిని తక్కువ చేయకుడు. బిడ్డల సొమ్ము వెచ్చించునపుడు ఒకపూట ఆగుటవలన పోవు మంచి బండి యుండవచ్చును గాని, అట్టిది మఱొకటి దొరకును.